కోడెకు కాడి నేర్పడం: స్వభావాన్ని బట్టి శిక్షణ

ఉపోద్ఘాతం

తుని పట్టణం గోదావరి జిల్లాల ఉత్తరపు అంచున, తాండవ నది ఒడ్డున ఉంది. దక్షిణాన కాలువల కింద సాగయ్యే డెల్టా భూములకూ, పడమట తూర్పు కనుమల పాదాలకూ నడుమ ఉన్న మెట్ట ప్రాంతమిది. డెల్టాలో దమ్ము పని దాదాపుగా ట్రాక్టరుకూ, పవర్ టిల్లరుకూ అప్పగించాం. కాని కోటనందూరు, రౌతులపూడి వైపున్న వాలు చెక్కల్లోనూ, మామిడి, జీడిమామిడి తోటల చెట్ల సందుల్లోనూ, యంత్రం తిరగడానికి చోటు చాలని చిన్న కమతాల్లోనూ ఎద్దుల నాగలికి, గుంటకకు నేటికీ పని ఉంది. బురద దారిలో కల్లం నుంచి ధాన్యం చేరవేసే ఎడ్లబండిని కూడా పూర్తిగా మరచిపోయే రోజు ఇంకా రాలేదు.

ఈ ప్రాంతంలో పనిచేసే ఎడ్లు తగ్గిన మాట అందరికీ తెలిసినదే. అంతకన్న వేగంగా తగ్గిపోతున్నది ఎడ్లకు పని నేర్పగల మనుషుల సంఖ్య. పూర్వం కోడెను కొన్న రైతుకు సందేహం వస్తే పక్క వీధిలోనే ఒక అనుభవజ్ఞుడు ఉండేవాడు. నేడు ఆ రైతు తొలకరి పడిన మరునాడే కోడె మెడపై కాడి పెట్టి, అది బెదిరితే కొట్టి, కూలబడితే తోక మెలిపెట్టి, నెల తిరగకుండా సంతకు తోలుతున్నాడు. పదేళ్లకు పైగా సేద్యానికి ఉపయోగపడవలసిన పశువు ఒక నెల తొందరపాటుకు బలి అవుతోంది. పని చేయని ఎద్దుగా ముద్ర పడిన పశువు సంత నుంచి ఎక్కడికి చేరుతుందో రైతులకు చెప్పనవసరం లేదు.

ఈ నష్టంలో అధిక భాగం నివారించదగినది. మనం మొండితనమని పిలుస్తున్న ప్రవర్తన చాలా సందర్భాలలో భయం. పశువు స్వభావాన్ని ముందుగా గుర్తించి, దానికి తగిన వేగంతో పని నేర్పితే పనికిరాని కోడె అరుదుగా మాత్రమే కనిపిస్తుంది. ఆ గుర్తింపు ఎలా చేయాలో, శిక్షణను దానికి ఎలా అన్వయించాలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

స్వభావం అంటే ఏమిటి?

కొత్త వస్తువు, కొత్త మనిషి, కొత్త చోటు, ఒంటరితనం ఎదురైనప్పుడు ఒక పశువు స్థిరంగా, పదేపదే చూపే ప్రతిస్పందనను స్వభావం అంటాం. ఒకనాటి చిరాకు, జోరీగ కాటుకు ఎగిరిపడటం, ఆకలి వల్ల కలిగే అసహనం స్వభావం కిందికి రావు. స్వభావంలో కొంత వంశపారంపర్యం, కొంత పెంపకం కలిసి ఉంటాయి. బిగింపు చట్రం నుంచి విడిచిన పశువు ఎంత వేగంగా బయటకు దూసుకుపోతుందో కొలిచే పద్ధతిని 1988లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ప్రచురించారు. ఈ వేగం ఒక మోస్తరుగా సంతానానికి సంక్రమిస్తుందని తరువాతి పరిశోధనలు చూపాయి. మరోవైపు జెబు సంకర దూడలను చిన్నతనంలో మృదువుగా నిమిరి, చేతికి అలవాటు చేస్తే అవి మనిషికి బెదరడం తగ్గుతుందని బ్రెజిల్‌లో జరిగిన ప్రయోగం 1997లో వెల్లడించింది. పుట్టుక ఇచ్చిన దానిని మార్చలేకపోయినా, పెంపకం చేతిలో ఉన్న భాగం చిన్నది కాదని దీని భావం.

జాతి ప్రభావం కూడా కాదనరానిది. మన ఒంగోలు ఎద్దు సాధారణంగా సాధువు. బరువైన నాగలికి, బండికి చక్కగా సరిపోతుంది. పరుగు పనికి అంత అనువైనది కాదు. కర్ణాటకలోని అమృతమహల్ జాతి ఇందుకు భిన్నం. మైసూరు రాజ్య సైన్యంలో ఫిరంగులు, సామగ్రి లాగిన ఈ జాతి వేగానికి, ఓర్పుకు ప్రసిద్ధి. విశాలమైన కావళ్లలో మనిషి స్పర్శ తక్కువగా పెరగడం వల్ల వీటి కోడెలు ఉద్రేకంగా ఉంటాయి. వాటికి పని నేర్పడానికి ఎంతో సహనం కావాలని పశుజాతులపై వచ్చిన గ్రంథాలు పేర్కొన్నాయి. ఒకసారి నేర్చిన తరువాత వాటిని మించిన పనిపశువులు అరుదు. ఉద్రేక స్వభావం వల్ల శిక్షణకు ఎక్కువ కాలం పడుతుంది, అంతమాత్రాన పశువు పనికి దూరం కాదనడానికి ఈ జాతి చరిత్రే సాక్ష్యం.

సుడుల మాట ఎంతవరకు నిజం?

సుడులు చూడకుండా ఎద్దును కొనే రైతు మన ప్రాంతంలో తక్కువ. గుర్రాల విషయంలోనూ ఈ విద్య పాతదే. అశ్వశాస్త్ర సంప్రదాయం సుడుల స్థానాలకు శుభాశుభ ఫలితాలు చెప్పింది. యజమాని ఆయువుకో, సంపదకో సుడితో సంబంధం ఉందనడానికి శాస్త్రీయమైన ఆధారం లేదు. అయితే నుదుటి సుడి సంగతి వేరు. 1995లో అమెరికాలో టెంపుల్ గ్రాండిన్, ఆమె సహచరులు సుమారు 1,500 పశువులను పరిశీలించి, నుదుటి సుడి కళ్ల వరుసకు పైన ఉన్న పశువులు బిగింపు చట్రంలో ఎక్కువగా పెనుగులాడుతున్నాయని గమనించారు. పోలండులోని కోనిక్ జాతి గుర్రాలపై 2007లో వెలువడిన అధ్యయనంలోనూ సుడి ఎత్తుగా ఉన్న గుర్రాలను అదుపు చేయడం కష్టంగా ఉన్నట్లు తేలింది. పిండ దశలో చర్మమూ నాడీమండలమూ ఒకే పొర నుంచి ఏర్పడటం ఇందుకు కారణం కావచ్చునని భావిస్తున్నారు.

ఇది మందలో కనిపించే మొగ్గు మాత్రమే. ఒక్క పశువును సుడి చూసి అంచనా కట్టడం పొరపాటు. నుదుటి సుడి ఎత్తుగా ఉన్న కోడెను కొన్న రైతు దానిని పోగొట్టుకోనవసరం లేదు, పక్షం రోజులు అదనంగా కేటాయించుకుంటే చాలు.

స్వభావాన్ని గుర్తించే నాలుగు పరీక్షలు

వీటికి పరికరాలు అవసరం లేదు. కోడె ఇంటికి వచ్చిన వారం తరువాత, చల్లని వేళ, మేత వేసి కడుపు నిండిన స్థితిలో చేయాలి. మూడు వేర్వేరు రోజుల్లో ఒకే ఫలితం వస్తేనే దానిని స్వభావంగా తీసుకోవాలి.

1. బెదురు దూరం: విడిగా తిరుగుతున్న కోడె వైపు ప్రక్క నుంచి నెమ్మదిగా నడవాలి. ఎన్ని అడుగుల దూరంలో అది కదిలి పక్కకు తొలగిందో లెక్కించాలి. చేయి తగిలే వరకు నిలిచేది ఒక రకం, పదిహేను అడుగుల్లోనే తొలగేది మరొక రకం.

2. కొత్త వస్తువు: మేత తొట్టికి కొద్ది దూరంలో తెరచిన గొడుగు ఉంచాలి. కోడె బెదరడం సహజం. ఎంతసేపటికి తిరిగి మేతకు వచ్చిందన్నది ముఖ్యం.

3. ఒంటరితనం: జత నుంచి, మంద నుంచి విడదీసి పావుగంట కట్టివేయాలి. అరుపులు, గుంజుకోవడం, పదేపదే పేడ వేయడం ఆందోళనకు గుర్తులు.

4. ఒత్తిడికి స్పందన: మెడతాడును నిదానంగా, ఒకే బిగువుతో ముందుకు లాగి పట్టుకోవాలి. వెంటనే అడుగు వేసేది, ఎదురు లాగేది, కదలకుండా నిలిచేది, తల దించి మీదికి వచ్చేది అని నాలుగు రకాల స్పందనలు కనిపిస్తాయి.

ఈ పరీక్షల ఆధారంగా కోడెలను నాలుగు తరగతులుగా చూడవచ్చు: బెదురు కోడె, చురుకైన కోడె, నిదానపు కోడె, దూకుడు కోడె. వీటి నడుమ గీత గీసినట్లు హద్దులు ఉండవు. బెదురు, చురుకుదనం ఒకే పశువులో కలిసి ఉండటం కూడా మామూలే.

పశువు ఎలా నేర్చుకుంటుంది?

ఈ విషయంలో శాస్త్రం ఎక్కువగా గుర్రాల నుంచి వచ్చింది. పడుచు గుర్రానికి పని నేర్పడం ఎలాగన్న ప్రశ్న రెండువేల ఏళ్లకు పూర్వమే గ్రీకు రచయిత జెనొఫోన్‌ను ఆలోచింపజేసింది. కోపంతో గుర్రాన్ని సమీపించరాదని ఆయన హెచ్చరించాడు. నేటి పరిశోధకులు ఆ సలహాకు కారణం వివరిస్తున్నారు. జీను, కళ్ళెం, రౌతు కాలి ఒత్తిడి ఇవన్నీ గుర్రానికి అసౌకర్యాలే. కోరిన పని చేసిన క్షణాన ఆ ఒత్తిడి తొలగితే, ఏ పని వల్ల ఒత్తిడి తొలగిందో గుర్రం గుర్తుంచుకుంటుంది. నేర్పేది ఒత్తిడి సడలిన క్షణమే. సడలింపు ఆలస్యమైతే పాఠం మసకబారుతుంది. ఒత్తిడి ఎప్పటికీ తొలగకపోతే గుర్రం ఎదురు తిరుగుతుంది, లేదా స్పందించడమే మానివేస్తుంది.

ఎద్దుకు కూడా సూత్రం ఇదే. పగ్గం లాగడం ఒత్తిడి, వదలడం జవాబు. అడుగు వేసినా పగ్గం బిగువుగానే ఉంటే, ఎదురు లాగడం కన్నా అడుగు వేయడం మేలని కోడెకు తెలిసే మార్గం లేదు.

సడలింపు చెడు పాఠం కూడా నేర్పగలదు. నా విద్యార్థి దశలో మా ఇంట ఒక కోడె ఉండేది. వయసు రెండేళ్లు దాటిందో లేదో, ఆ ఏడు తొలకరి ముందుగా వచ్చిందని దానిని నాగలికి కట్టాం. మూడో సాలులో అది కూలబడింది. అరిచాం, కొట్టాం, చివరకు చేసేది లేక కాడి విప్పి చెట్టు నీడకు తోలాం. మరునాడు రెండో సాలులోనే కూలబడింది. వారం తిరిగేసరికి కాడి చూడగానే పడుకునేది. మొండిదని తీర్మానించి అమ్మివేశాం. కూలబడితే కాడి దిగుతుందని దానికి నేర్పినది మేమేనని, మెడ మీద అప్పటికే వాపు ఉండినదని ఎన్నో ఏళ్ల తరువాత, ఈ విషయాలు చదివినప్పుడు గాని నాకు బోధపడలేదు. ఆ కోడె తప్పు నేర్చుకోలేదు. మేము నేర్పినది సరిగ్గా నేర్చుకుంది.

పాఠం నిడివి, విరామం కూడా ముఖ్యమైనవే. 1980లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, వారానికి ఒకసారి శిక్షణ పొందిన పొట్టి గుర్రాలు, ప్రతిదినం శిక్షణ పొందిన వాటికన్నా తక్కువ పాఠాలతో పని నేర్చుకున్నాయి. మన కోడెలకు వారానికొక పాఠం చాలదు గాని, విశ్రాంతి దినం వృథా కాదన్న సంగతి ఇందులో స్పష్టం. పూటకు పావుగంటతో మొదలుపెట్టి, వారానికి ఒకటి రెండు దినాలు విడిచిపెట్టడం మేలు.

శిక్షణ ఎప్పుడు మొదలుపెట్టాలి?

సేద్యశాస్త్ర దృష్టితో చూస్తే అసలు చిక్కు ఇక్కడ ఉంది. తొలకరి పదును మూడు నాలుగు దినాలకు మించి నిలవని మా ఎర్ర నేలల్లో, ఏరువాక వేళ రైతుకు కోడె తప్పును సహించే తీరిక ఉండదు. కాబట్టి శిక్షణను వర్షంతో ముడిపెట్టరాదు. సంక్రాంతి పనులు ముగిసిన తరువాత, మాఘ మాసపు చల్లని ఉదయాల్లో మొదలుపెడితే ఏరువాకకు నాలుగైదు నెలల వ్యవధి దొరుకుతుంది. బెదురు కోడెకు సైతం ఇది సరిపోతుంది.

శిక్షణ క్రమం

మొదటి దశ, చేతి అలవాటు: దూడ దశ నుంచే మెడ, వీపు, గంగడోలు, కాళ్లు నిమరాలి. రెండేళ్లు నిండిన కోడెను కొని తెచ్చినప్పుడు ఈ దశకు కనీసం రెండు వారాలు కేటాయించాలి.

రెండవ దశ, తాడు: మెడతాడు, మోర తాడుతో నడక, ఆగడం, తిరగడం నేర్పాలి. మాట ముందు, పగ్గం తరువాత. మాటలు నాలుగింటికి మించరాదు, ఇంటిల్లిపాదీ అవే వాడాలి. మోర తాడుతోనే ఈ పాఠాలు వచ్చిన కోడెకు ముకుతాడు మీద బలంగా లాగవలసిన అవసరం ఉండదు. ముకుతాడు వేయించవలసి వస్తే పశువైద్యుని చేత, తిమ్మిరి మందు ఇప్పించి వేయించాలి. పుండు పూర్తిగా మానే వరకు దానిని లాగరాదు.

మూడవ దశ, ఖాళీ కాడి: రెండున్నర, మూడేళ్ల వయసులో, అనుభవం గల నిదానపు ఎద్దు సరసన ఖాళీ కాడి వేసి నడిపించాలి. పాత ఎద్దు సగం గురువు. ఎడమ చేతి మలుపులతో దున్నే పద్ధతిలో దాపటెద్దు దాదాపు నిలిచి తిరుగుతుంది, వలపటెద్దు ఎక్కువ దూరం నడుస్తుంది. కాబట్టి తొలుత కోడెను దాపట కట్టడం సులువు. తరువాత రెండు వైపులా అలవాటు చేయాలి.

నాలుగవ దశ, దుంగ: కాడికి తేలికపాటి దుంగ కట్టి లాగించాలి. పశువు చుట్టూ దాదాపు అన్ని వైపులా చూడగలదు గాని తన వెనుక సరిగ్గా ఉన్నది దానికి కనబడదు. కనబడని చోట నుంచి శబ్దం వెంటాడటమే తొలినాళ్ల బెదురుకు ప్రధాన కారణం. కాబట్టి ముందు ఒక మనిషి దుంగను తాడుతో లాగుతూ కోడె పక్కన, తరువాత వెనుక నడవాలి. శబ్దానికి చెవులు నిక్కించడం మానిన తరువాతే దుంగను కాడికి కట్టాలి.

ఐదవ దశ, నాగలి, బండి: పదును మీద ఉన్న తేలిక నేలలో అరగంట దుక్కితో ప్రారంభించాలి. ఖాళీ బండి తరువాతే సరకు బండి. గుంటకతో అంతరకృషి చివరి పాఠం. పైరు వరుసల నడుమ తొణకకుండా నడవడం అన్నింటిలో కష్టమైన పని. చిక్కం వేసుకోవడం కూడా ముందుగానే అలవాటు చేయాలి.

పూర్తి వయసు వచ్చిన ఎద్దు తన బరువులో పది, పన్నెండో వంతు బలంతో గంటల తరబడి లాగగలదు. మూడేళ్ల కోడె నుంచి దీనిలో సగానికి మించి ఆశించరాదు. నాలుగేళ్లు నిండిన తరువాతే పూర్తి పని చేయించాలి.

స్వభావాన్ని బట్టి మార్పులు

బెదురు కోడె: ప్రతి దశకూ రెట్టింపు కాలం ఇవ్వాలి. దీనికి ఒంటరితనమే పెద్ద శిక్ష కనుక ఎప్పుడూ జతతోనే నేర్పాలి. బెదిరినప్పుడు కొడితే, బెదురు పుట్టించిన వస్తువు మీద భయానికి మనిషి మీద భయం తోడవుతుంది. వెనుకటి దశకు తీసుకువెళ్లి, తెలిసిన పనితో పాఠం ముగించాలి.

చురుకైన కోడె: త్వరగా నేర్చుకుంటుంది, తప్పులనూ అంతే త్వరగా నేర్చుకుంటుంది. ఈ కోడె విషయంలో పొరపాటు రైతుదే ఎక్కువ. పది దినాల్లో కాడి పట్టిందన్న ఉత్సాహంతో బరువు పెంచుతాడు. మనసుకు వచ్చిన పని ఇంకా ఎముకకు, మెడకు రాలేదని మరువరాదు.

నిదానపు కోడె: దీనిని సోమరి అంటారు. మాటకు, పగ్గానికి స్పందించకపోతే ముందుగా నులిపురుగులు, మెడ వాపు, గిట్టల పగుళ్లు, మేత లోపం పరీక్షించాలి. ఆరోగ్యంగా ఉంటే, తేలిక ఒత్తిడి, ఒక్క అడుగు, వెంటనే సడలింపు అన్న వరుసను ఓపికగా పాటించాలి. అదే పనిగా అదిలించడం వల్ల దాని చెవికి మాట అర్థం లేని మోతగా మారుతుంది. గొర్రుతో విత్తనం వేయడానికి ఇటువంటి ఎద్దును మించినది లేదు.

దూకుడు కోడె: భయంతో కొమ్ము విసిరేదానిని, జంకు లేక మీదికి వచ్చేదానిని వేరుగా గుర్తించాలి. మొదటిది దూరం ఇస్తే తగ్గుతుంది, రెండవది వెంబడిస్తుంది. రెండవ రకాన్ని పిల్లల చేతికి ఇవ్వరాదు, ఒంటరిగా శిక్షణ చేయరాదు. తగిన వయసులో పశువైద్యుని చేత బర్డిజో పద్ధతిలో విత్తు కొట్టించడం వల్ల దూకుడు చాలావరకు తగ్గుతుంది.

కొండ ప్రాంతపు గుర్రాలు

తునికి ఎగువన, పాడేరు పరిసర కొండల్లో, దారి సరిగా లేని గిరిజన గ్రామాలకు సరకు చేరవేయడానికి నేటికీ గుర్రాలను వాడుతున్నారు. పడుచు గుర్రానికి బరువు అలవాటు చేయడంలోనూ పై క్రమమే వర్తిస్తుంది: చేతి స్పర్శ, తాడు, ఖాళీ గంత, తేలిక బరువు, చివరగా పూర్తి బరువు లేదా రౌతు. ఒక భేదం గమనించాలి. భయపడిన ఎద్దు తరచుగా బిగుసుకుంటుంది, లేదా కూలబడుతుంది. భయపడిన గుర్రం పరుగు తీస్తుంది. అందుచేత గుర్రానికి పొట్ట పట్టీ బిగింపును దినదినమూ కొద్దికొద్దిగా పెంచాలి. ఒక్కసారిగా బిగిస్తే ఆ బెదురు ఏళ్ల తరబడి నిలుస్తుంది.

చట్టం చెప్పేది

బండి లాగే, బరువు మోసే పశువుల పట్ల క్రూరత్వ నివారణకు 1965లో కేంద్ర ప్రభుత్వం చేసిన నిబంధనలు శిక్షణలోనూ మార్గదర్శకాలే. వాటి ప్రకారం పశువు చేత రోజు మొత్తంలో తొమ్మిది గంటలకు మించి, విరామం లేకుండా ఐదు గంటలకు మించి పని చేయించరాదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే ప్రాంతాల్లో మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు పని నిషిద్ధం. తుని వేసవిలో ఈ హద్దు దాటని దినాలు కొద్ది. ములుకులు గల కర్ర వాడటం కూడా నిషిద్ధం. పొట్టి గుర్రం మీద 70 కిలోలకు, గాడిద మీద 50 కిలోలకు మించి బరువు వేయరాదు. ఇవి పూర్తిగా ఎదిగిన పశువుకు విధించిన గరిష్ఠ హద్దులని, నేర్చుకునే పశువుకు అందులో కొద్ది భాగమే తగునని గుర్తుంచుకోవాలి.

ముగింపు

ములుగర్రతో కూడా కోడెను నడిపించవచ్చు. అలా నడిచిన ఎద్దు కర్ర కనబడినంతసేపే నడుస్తుంది, కర్ర పట్టిన చేతిని చూసి ప్రతిదినం భయపడుతుంది. మాటకు, పగ్గం సడలింపుకు నడక నేర్చిన ఎద్దును ఇంటిలో ఎవరైనా తోలవచ్చు. మొగుడు ఊళ్లో లేని నాడు ఇల్లాలు, కాలు నొప్పితో ఉన్న నాడు పెద్దాయన పదును పోకుండా పొలం దున్నుకోవచ్చు. ఆ ధీమా కోసం రైతు పెట్టవలసినది మాఘం నుంచి జ్యేష్ఠం వరకు ఉదయం పూట పావుగంట, అరగంట సమయం. ఈ ఏడు కోడెను కొనదలచిన రైతు సోదరులు సంత నుంచి తెచ్చిన వారంలో కాడి తీయకుండా, ముందుగా ఒక గొడుగు తీసుకుని దాని స్వభావం చూడవలసిందిగా నా విన్నపం.